సఫారీ కట్టేముందు, మూసే రోజు సంగతి చెప్పండి

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాలకు ఒక సఫారీ పార్కు కావాలని అడుగుతున్న పెద్దలకు, ఆ కోరికను రేపో మాపో కాగితం మీద పెట్టబోయే అధికారులకు, బరంపురం నుంచి ఒక విశ్రాంత లెక్కల మాస్టారు నమస్కరించి రాస్తున్న లేఖ.

ఈమధ్య మా ఊళ్లో ఏ పెళ్లి భోజనానికి వెళ్లినా ఈ మాట వినిపిస్తోంది. భువనేశ్వర్ వాళ్లకు నందన్‌కానన్ ఉంది, విశాఖ వాళ్లకు జూ ఉంది, మధ్యలో ఉన్న మనకేముంది అని. కారులో కూర్చుని సింహాన్ని చూసే పార్కు ఒకటి వస్తే గోపాల్‌పూర్ బీచికి వచ్చినవాళ్లు ఇంకో రోజు ఆగుతారట, హోటళ్లు నిండుతాయట, మన పిల్లలకు పని కోసం సూరత్ వెళ్లే బాధ తప్పుతుందట. ఇందులో అబద్ధమేమీ లేదు. కావాలనుకోవడం తప్పూ కాదు. నేనూ ఒకప్పుడు అలాంటి పార్కులో చిన్నపిల్లవాడిలా సంబరపడినవాణ్నే.

పులులు మా ఊరికి కొత్త కాదు కూడా. రెండేళ్లకోసారి మా అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వస్తే వీధివీధికీ పులులే. ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్లచారలు, వెనక తోక, ముందు డప్పులు. మా చిన్నాన్న ఒక యాత్రలో పులి వేషం కట్టి, ఆ రంగు వదిలించుకోవడానికి మూడు రోజులు కిరోసిన్ గుడ్డతో ఒళ్లంతా రుద్దుకున్నాడు. ఆ పులిలో ఒక మంచి గుణం ఉంది. యాత్ర అయిపోయాక ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకుంటుంది. మీరు తేబోయే పులికి ఆ సౌకర్యం లేదు. నా లేఖంతా ఈ ఒక్క తేడా గురించే.

1988 వేసవి. మా బావగారు ఇంగ్లండులో లండన్ పక్కన స్లౌ అనే పట్టణంలో డాక్టరు. అక్కయ్యకు రెండో కాన్పు. అమ్మ ఒక్కతే అంత దూరం వెళ్లలేదని, బడికి సెలవులు కదా అని నేను తోడు వెళ్లాను. పసివాడికి నెల దాటాక ఒక ఆదివారం బావగారు "అల్లుడు అత్తగారిని సింహాల మధ్యకు తీసుకెళ్లాడని రేపు బరంపురంలో చెప్పుకోవాలి" అంటూ కారు తీశారు. స్లౌ నుంచి విండ్సర్ ఎంతో దూరం లేదు. రాణిగారి కోట దాటి కొంత ముందుకు వెళితే, ఒక కొండవాలు మీద విండ్సర్ సఫారీ పార్కు.

గేటు దాటగానే బావగారు అద్దాలు పూర్తిగా ఎక్కించమన్నారు. అప్పటి కార్లలో ఏసీలు ఎక్కడివి? నలుగురు పెద్దలు, ఒక పసివాడు, ఆరేళ్ల మా మేనకోడలు, అమ్మ ఒళ్లో పులిహోర డబ్బా. కారంతా ఇంగువ వాసన. ముందు బబూన్ కోతుల ఆవరణ వచ్చింది. ఒకటి ఎగిరి మా బానెట్ మీద కూర్చుని, వైపర్ రబ్బరును రెండు వేళ్లతో సాగదీసి, వదిలి, అది టప్పున కొట్టుకోగానే ఉలిక్కిపడి, మళ్లీ సాగదీసింది. ఐదారుసార్లు. ప్రయోగశాలలో స్ప్రింగు సాగదీసే పిల్లవాడి ముఖంలో ఉండే శ్రద్ధే దాని ముఖంలోనూ ఉంది. మేనకోడలు నవ్వి నవ్వి వెక్కిళ్లు తెచ్చుకుంది.

తర్వాత సింహాలు. ముందున్న కార్లు ఆగిపోతే మేమూ ఆగాము. రోడ్డుకు అడ్డంగా ఒక ఆడసింహం నడిచి వచ్చి, అమ్మ కూర్చున్న వైపు తలుపు పక్కన, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పడుకుంది. మా వైపు చూడలేదు. దాని చూపు ఎక్కడో కొండవాలు మీద ఉంది. నేను దాని కోరలు చూడాలని మెడ సాచుతుంటే, అమ్మ అద్దానికి ముక్కు ఆనించి ఇంకేదో చూస్తోంది. "పాపం, దీని మోచేతికి కాయ కాచింది రా" అంది.

చూశాను. ముందుకాలి మోచేతి దగ్గర బొచ్చు ఊడిపోయి, అరచేయి వెడల్పున నల్లగా, మందంగా చర్మం. గట్టి నేల మీద పడుకునే పెద్ద జంతువులకు అలా అవడం మామూలేనని, అది జబ్బు కాదని తర్వాత ఎవరో చెప్పారు. కానీ అమ్మ నేతగాళ్ల ఇంటి ఆడపడుచు. కాయ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లు మగ్గం పిడి లాగిన మా నాన్న అరచేతిలో అలాంటిదే ఉండేది. కాయ కాచిందంటే అది పని చేస్తున్నట్లు లెక్క. "ఇది ఉద్యోగం చేస్తోంది" అంది అమ్మ, మళ్లీ డబ్బా మూత సర్దుకుంటూ. బావగారు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో ఉన్న లెక్క నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ సఫారీ పార్కుల పుట్టుక ఒకసారి చెప్పుకోవాలి. ఆఫ్రికా బయట కారులో వెళ్లి జంతువులను చూసే మొదటి పార్కు 1966లో ఇంగ్లండులోనే, లాంగ్‌లీట్ అనే ఒక ప్రభువుగారి ఎస్టేటులో మొదలైంది. ఆ ఆలోచన ఆయనకు చెప్పింది జిమ్మీ చిప్పర్‌ఫీల్డ్, సర్కస్ మనిషి. మేము చూసిన విండ్సర్ పార్కును 1969లో తెరిచింది కూడా సర్కస్ వాళ్లే, బిల్లీ స్మార్ట్ సర్కస్ కుటుంబం. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంటింటికీ టీవీ వచ్చి గుడారాలు ఖాళీ అవుతున్న కాలం. ఏనుగులను, సింహాలను ఊరూరా తిప్పలేని రోజు వచ్చినప్పుడు, జనాన్నే వాటి దగ్గరికి రప్పించాలన్నది తెలివైన ఎత్తు. పైగా జనం బోనులో, జంతువులు బయట. ఆ తిరకాసు చూడటానికే వారానికి ఇన్ని వేల కార్లు వచ్చేవి. అంటే సఫారీ అనేది అడవికి తోబుట్టువు కాదు, సర్కసుకు తోబుట్టువు. ఈ వరస మీరు గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

నాలుగేళ్లు గడిచాయి. 1992 చివర్లో అక్కయ్య దగ్గర నుంచి నీలం రంగు ఏరోగ్రామ్ వచ్చింది. అమ్మ బీపీ మాత్రల గురించి, పసివాడు బడికి వెళ్లనని పెట్టే పేచీ గురించి రాసి, చివర మడత మీద ఇరుకుగా రెండు వాక్యాలు: "మనం చూసిన సింహాల పార్కు మూసేశారు. జంతువులను తలో చోటికి పంపేస్తున్నారట." ఈలోగా పార్కు చేతులు మారిందని, ఆఖరి యజమానులు అప్పుల్లో మునిగితే లెక్కలు తేల్చడానికి వచ్చినవాళ్ల చేతికి వెళ్లిందని తర్వాత తెలిసింది. ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. "కాయ కాచిన దాన్ని ఎవరు తీసుకున్నారో?"

ఏం చెప్పను? ఇల్లు ఎత్తేసినప్పుడు సామాను పంచుకున్నట్లు జిరాఫీలు ఒక చోటికి, ఖడ్గమృగాలు ఒక చోటికి వెళ్లి ఉంటాయి. పిల్లజంతువులకు, అందమైన వాటికి గిరాకీ ఉంటుంది. ముసలి ఆడసింహానికి ఎవరింట్లో చోటుంటుంది?

2012లో మళ్లీ వెళ్లాను. అమ్మ అప్పటికి లేదు. వెక్కిళ్లు తెచ్చుకున్న మేనకోడలికి ఇప్పుడు తనంతటి కూతురు. ఆ పాపను తీసుకుని అదే కొండకు వెళ్లాము. 1996 నుంచి అది లెగోలాండ్. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన ఊళ్లు, ఓడలు, మనుషులు. పైనుంచి చూస్తే కోట కనబడుతుంది, ఆకాశం తేటగా ఉంటే లండన్ కూడా. కొండవాలు మీద నడిచే చిన్న రైలు ఒకటి సఫారీ కాలం నుంచి మిగిలిందే అని చెప్పారు. సింహాల రోడ్డు ఎక్కడ ఉండేదో పోల్చుకోవాలని అరగంట తిరిగాను. తెలియలేదు. పార్కు చక్కగా ఉంది, పాప ఆనందించింది, నేను ఐస్‌క్రీము కూడా తిన్నాను. భూమికి కొత్త ఉద్యోగం దొరకడం ఎంత తేలికో, జంతువుకు దొరకడం ఎంత కష్టమో ఆ ఐస్‌క్రీము కరిగేలోపు అర్థమైంది.

లెక్కల మాస్టారిని కాబట్టి ఇంటికి వచ్చాక ఇలాంటి పార్కుల ఆయుష్షులు ఒక కాగితం మీద వేసుకున్నాను. అమెరికాలో న్యూజెర్సీలో ఒక పెద్ద సినిమా సంస్థ 1972లో తెరిచిన జంగిల్ హేబిటాట్ 1976లో మూతపడింది. నాలుగేళ్లు. కాలిఫోర్నియాలో లగూనా హిల్స్ దగ్గరి లయన్ కంట్రీ సఫారీ 1970 నుంచి 1984 దాకా, పద్నాలుగేళ్లు. విండ్సర్ ఇరవై మూడేళ్లు. ఇక రెండో వరుస: బాగా చూసుకుంటే జూలో సింహం పదిహేను నుంచి ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఏనుగు అరవై. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడు పార్కుల్లో ఒక్కటి కూడా ఒక ఏనుగు ఆయుష్షుకు సరిపోలేదు. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అంటారు. ఆ సామెత కట్టినవాడు ఎవరో గాని ఏనుగును మేపి ఉండడు.

లగూనా హిల్స్ కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. అక్కడికి మెక్సికోలోని ఒక సర్కసు నుంచి ఫ్రేజర్ అనే ముసలి మగసింహం వచ్చింది. పళ్లు ఊడిపోయాయి, నాలుక పక్కకు వేలాడేది, ఎముకల గూడు. వారమో పదిరోజులో అనుకున్నారు పార్కువాళ్లు. ఏ కుర్ర మగసింహాన్నీ దగ్గరికి రానివ్వని ఆడసింహాలు ఈ ముసలాయన చుట్టూ చేరాయి. ఏడాదిన్నరలో ముప్పైకి పైగా పిల్లలు! పత్రికలు రాశాయి, జనం విరగబడ్డారు, బొమ్మ వేసిన చొక్కాలు అమ్ముడయ్యాయి. 1972లో అది పోయింది. అందరూ చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది. నాకు మాత్రం ఆ ముప్పై పిల్లల మీదే ధ్యాస. 1984లో గేటు మూసేనాటికి వాటిలో ఎన్ని బతికున్నాయో, బతికుంటే వాటి వయసు పన్నెండు. అదే పార్కు నుంచి 1978లో బబుల్స్ అనే నీటిగుర్రం తప్పించుకుని దగ్గరి చెరువులో రోజుల తరబడి ఉండిపోయింది. మత్తుమందు ఇచ్చి పట్టుకోబోతే చనిపోయింది. కడుపులో పిల్ల ఉందని తర్వాత తేలింది.

అవన్నీ దూరదేశపు ముచ్చట్లు, మనకెందుకు అంటారా? దగ్గరికే వస్తాను.

మన దేశంలో 1974లో హైదరాబాద్ నెహ్రూ జూలో సింహాల సఫారీ మొదలైంది. నందన్‌కానన్‌లో 1984లో సింహాలకు, 1991లో తెల్లపులులకు సఫారీలు పెట్టారు. 1986లో మా తొమ్మిదో తరగతి పిల్లలను నలభై మందిని అక్కడికి తీసుకెళ్లాను. బరంపురంలో తెల్లవారుజామున బస్సెక్కి, చిలకా గట్టున ఇడ్లీలు తిని, ఎండ ముదిరేవేళకు చేరాము. జాలీ కిటికీల బస్సులో లోపలికి తీసుకెళ్లారు. పిల్లలందరూ ఒకే పక్కకు ఒరిగిపోతే డ్రైవరు ఒడియాలో తిట్టాడు, మావాళ్లు తెలుగులో నవ్వారు. చెట్టు కింద ఒక మగసింహం పడుకుని ఉంది. లేవలేదు, గర్జించలేదు. మెల్లగా నోరు తెరిచి ఆవులించింది. బస్సులో నలభై మందికీ ఆవులింతలు వచ్చాయి. చివరికి డ్రైవరుకు కూడా. ఇప్పటికీ ఆ పిల్లల్లో ఎవరు ఎదురైనా, వాళ్ల జుట్టు నెరిసిపోయింది గాని, ముందు ఆవులించి ఆ తర్వాత నమస్కారం పెడతారు. ఇలాంటి రోజు మన పిల్లలకూ ఉండాలని మీరు కోరుకోవడం నాకు అర్థమవుతుంది.

చండీగఢ్ దగ్గర ఛత్‌బీర్ జూలో కూడా సింహాల సఫారీ ఉండేది. జనం బాగా వచ్చేవారు, సింహాలు బాగా పెరిగాయి. అయితే మొదట తెచ్చినవాటిలో సర్కసుల నుంచి వచ్చిన ఆఫ్రికా సింహాలు, మన గిర్ జాతి సింహాలు కలిసిపోయాయి. దేశంలో చాలా జూలలో జరిగిన పొరపాటే ఇది. జన్యు పరీక్షల్లో సంకరమని తేలాక వాటి సంతతి పెరగకూడదని నిర్ణయించి, మగవాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అప్పటికే దగ్గరి రక్తసంబంధాల మధ్య పుట్టి పుట్టి వాటిలో రోగనిరోధక శక్తి సన్నగిల్లింది. ఇక ఆ తరం ముగిసేదాకా మేపడమే మిగిలింది. కొనసాగించకూడని వంశాన్ని కళ్లముందు పెట్టుకుని, రోజూ వేళకు మాంసం వేస్తూ, చివరిది పోయేదాకా కనిపెట్టుకుని ఉండటం ఎలాంటి ఉద్యోగమో ఆ కీపర్లను అడగాలి.

మనకు ఇంకా దగ్గర, విశాఖ. 1998లో కేంద్ర ప్రభుత్వం సర్కసుల్లో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులను ఆడించడం నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అప్పుడు వందలకొద్దీ జంతువులకు ఉన్నపళంగా చోటు వెతకాల్సి వచ్చింది. విశాఖలో, తిరుపతిలో, బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో, మరికొన్ని చోట్ల సందర్శకులకు చూపని రక్షణ కేంద్రాలు కట్టారు. మన ఊరి మైదానంలో గుడారం వేసినప్పుడు మనం ఈలలు వేసిన సింహాలే అవి కావచ్చు. టికెట్టు లేదు, చప్పట్లు లేవు, పిల్లలు పుట్టరు. ప్రభుత్వ ఖర్చుతో పింఛను మీద బతికి ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఆట కట్టినవాళ్లు లాభం లెక్క చూసుకుని వెళ్లారు. ముగింపు ఖర్చు మాత్రం మన పన్నుల్లోంచి పోయింది.

ఆ ముగింపు ఖర్చు ఎంతో పలక మీద వేసి చూపిస్తాను, సున్నాలు మీరే లెక్కపెట్టుకోండి. మన జూలలో పెద్ద మాంసాహార జంతువులకు వారానికి ఒక రోజు పస్తు. అంటే ఏడాదికి 313 రోజుల భోజనం. పూటకు 8 కిలోలు అనుకుందాం, ఇది తక్కువ లెక్కే. ఏడాదికి 2,504 కిలోలు. పదిహేనేళ్లకు 37,560 కిలోలు. ఇది ఒక్క సింహానికి. పది సింహాలతో మొదలుపెట్టి అవి పిల్లలే పెట్టలేదనుకున్నా 3,75,600 కిలోలు. పశువైద్యుడి జీతం, కీపర్ల జీతాలు, గోడ మరమ్మతులు, నీళ్లు, ఇవేవీ ఇందులో కలపలేదు. జనం వచ్చినన్నాళ్లు టికెట్ల డబ్బు ఇందులో కొంత మోస్తుంది. జనం రావడం మానేసిన మర్నాడు కూడా సింహానికి 8 కిలోలే కావాలి.

ఇక మన సముద్రం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మీరూ ఊళ్లోనే ఉన్నారు, నేనూ ఉన్నాను. తెల్లారి తలుపు తీస్తే మా వీధిలో నిలబడి ఉన్న చెట్టు ఒక్కటి లేదు. మా ఇంటి వెనక గోడ పక్కింటి పెరట్లో పడి ఉంది. సరిగ్గా ఏడాదికి, అదే తారీఖున, హుద్‌హుద్ విశాఖను చదును చేసింది. అక్కడి జూలోనూ చెట్లు, గోడలు కూలాయి. 2019 మేలో ఫణి దెబ్బకు నందన్‌కానన్ కూడా చెట్లు పోగొట్టుకుని కొన్నాళ్లు గేటు మూసుకోవాల్సి వచ్చింది. సఫారీ అంటే లోపల విడిచిపెట్టిన సింహాలు, చుట్టూ ఒక గోడ. ఆ గోడ మీద మన తుపాను ఒక మర్రిమానును పడేస్తే, కరెంటు లేని ఆ రాత్రి ఆ గోడ దగ్గర ఎవరు నిలబడతారు? ఆ డ్యూటీ చార్టు ఎవరైనా వేశారా?

అనుమతుల సంగతి మీకే బాగా తెలుసు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యంలో పాఖ్రో అనేచోట పులుల సఫారీ కోసం 163 చెట్లకు అనుమతి తీసుకుంటే ఆరు వేలకు పైగా కొట్టేశారని తేలి, 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఎంత గట్టిగా మాట్లాడిందో చదివే ఉంటారు. జూల నుంచి పులులను తెచ్చి చూపించడం కాదు, ఆ ప్రాంతంలోనే గాయపడినవాటికి, తల్లి లేనివాటికి, ఊళ్ల మీద పడి పట్టుబడినవాటికి ఆశ్రయంగా సఫారీ ఉండాలన్నది ఆ తీర్పులో నాకు నచ్చిన మాట.

ఇంతకీ మనకేముంది అన్న ప్రశ్నకు నేను పెళ్లి భోజనాల దగ్గర చెప్పే జవాబు ఒకటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆస్కా దాటి బుగుడా వైపు, భేట్నై, బలిపదర్ ఊళ్ల చుట్టూ కృష్ణజింకలున్నాయి. మొత్తం జిల్లాలో ఏడు వేలు దాటాయి. కంచె లేదు, టికెట్టు లేదు. పెసర చేలో రైతు కలుపు తీస్తుంటే పది అడుగుల అవతల జింక అదే చేను మేస్తూ ఉంటుంది. జింకలుంటే వానలు పడతాయని అక్కడి నమ్మకం, అందుకే నష్టం భరిస్తారు. నేను చూసిన రోజున ఒక మగజింక, మెలికల కొమ్ములది, రోడ్డు మధ్యలో నిలబడి మా ఆటోను ఆపేసింది. డ్రైవరు హారన్ కొట్టలేదు. బీడీ ముట్టించుకుని అది వెళ్లేదాకా కూర్చున్నాడు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట పొడంపేట, పురుణబంధ, గోఖర్‌కుడ ఉన్నాయి. మన తెలుగు జాలర్ల, అంటే నోలియాల పల్లెలు. 2023లో అక్కడ గుడ్లు పెట్టిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆరు లక్షలు దాటాయి. పిల్లలు గుడ్ల నుంచి బయటికి వచ్చే రాత్రుల్లో వెలుగు చూసి ఊరివైపు పాకకుండా వలలు కడతారు, దారి తప్పినవాటిని బుట్టల్లో ఏరి నీటి అంచున వదులుతారు. చేపలవేట నిషేధం వల్ల ఆ నెలల్లో సగం కడుపుతో ఉండే ఇళ్లు అవి. సఫారీకి పెట్టదలుచుకున్న డబ్బులో పదోవంతు ఈ పల్లెల కుర్రాళ్లకు గైడ్లుగా జీతమిచ్చినా, పంట పోయిన భేట్నై రైతుకు వేళకు పరిహారమిచ్చినా ఉద్యోగాల ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. ఈ జంతువులు మన జీతం మీద ఆధారపడి లేవు. మన పథకం మూతపడితే వాటికి ఆ వార్త తెలియను కూడా తెలియదు.

అయినా సఫారీయే కావాలంటారా? సరే, కట్టండి. నేను అడ్డుపడే మనిషిని కాను, అంత బలమూ లేదు. కానీ మీ ప్రాజెక్టు నివేదికలో ప్రారంభోత్సవం గురించి, పార్కింగు గురించి, ఫుడ్ కోర్టు గురించి పేజీలు ఎలాగూ ఉంటాయి. చివర ఒక్క పేజీ నా కోసం కలపండి. పార్కు మూసే రోజున లోపల ఎన్ని జంతువులుంటాయి, ఏ జూ ఏ జంతువును తీసుకుంటానని ముందే సంతకం పెట్టింది, ముసలివాటిని ఎవరూ తీసుకోకపోతే అవి పోయేదాకా వేసే మాంసానికి డబ్బు ఏ బ్యాంకులో, ఎవరి పేర, ఎవరూ ముట్టుకోలేని విధంగా జమ చేశారు, అంతవరకు వాటి పక్కన ఉండే మనిషి ఎవరు. ఇంతే. తెరవకముందే మూసే మాట అపశకునం అంటారేమో. పెళ్లికి ముందే బీమా కట్టేవాళ్లు మన ఊళ్లో బోలెడుమంది ఉన్నారు, వాళ్లెవరికీ ఏ అపశకునమూ జరగలేదు.

ఆ పేజీ రాసిన రోజున నాకు కబురు చేయండి. లెక్కలు సరిచూసి ఇస్తాను. ఫీజు అక్కరలేదు. పస్తు రోజులు తీసేశారో లేదో మాత్రం ముందే ఒకసారి చూసుకోండి, పిల్లలు అక్కడే తప్పు చేస్తారు.

ఇట్లు,
బరంపురం నుంచి
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు